యార్క్‌లో క్రిస్మస్ దీపాలు, సంత: ఎప్పుడు దిగాలి, ఎటు నడవాలి, ఏం అడిగి తినాలి

డిసెంబరులో ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌లో మధ్యాహ్నం 3:40 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. మీ ప్రయాణమంతా ఈ ఒక్క అంకె చుట్టూ అల్లుకోండి. చాలామంది పొద్దున పదింటికే దిగి, సంతంతా తిరిగి, నాలుగయ్యేసరికి కాళ్లు లాగి రైలెక్కేస్తారు. ఊరు వెలగడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఒంటిగంటకు చేరి రాత్రి ఏడు దాటేదాకా ఉండండి. ఉన్నది అదే ఆరు గంటలు, చూసేది మాత్రం రెట్టింపు.

ముందు తేదీ సంగతి. ఇక్కడి సంతను యార్క్ క్రిస్మస్ మార్కెట్ అని, సెయింట్ నికొలస్ ఫెయిర్ అని అంటారు. పార్లమెంట్ స్ట్రీట్ పొడవునా, దాన్ని ఆనుకున్న సెయింట్ సాంప్సన్స్ స్క్వేర్‌లో చెక్క గుడిసెల్లాంటి కొట్లు పెడతారు. నవంబరు మధ్యలో మొదలై క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందే ఎత్తేస్తారు. అసలు సెలవులు అప్పుడే కదా అని 26న వెళ్తే వీధి ఖాళీగా ఉంటుంది. 25న రైళ్లు ఉండవు, 26న చాలా మార్గాల్లో నడవవు. ఆ ఏటి తేదీలు, వేళలు చూసుకునే టికెట్ కొనండి. వీలైతే మంగళ, బుధవారాల్లో రండి. డిసెంబరు శనివారాల్లో పార్లమెంట్ స్ట్రీట్‌లో నడవడం ఉండదు, జనం నెడితే ముందుకు పోవడమే. పసిపిల్లల బండితో వచ్చేవాళ్లు శనివారం జోలికే పోవద్దు.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి వేగంగా వెళ్లే రైలైతే రెండు గంటలు, న్యూకాజిల్ నుంచి గంట, లీడ్స్ నుంచి అరగంట లోపే. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లల దగ్గర 16–25 లేదా 26–30 రైల్‌కార్డు ఉంటుంది. మూడో వంతు తగ్గుతుంది. కాకపోతే పనిరోజుల్లో పొద్దున పదిలోపు ప్రయాణానికి కనీస ఛార్జీ నిబంధన ఉంది కాబట్టి, లీడ్స్ లాంటి దగ్గరి ఊళ్ల నుంచి ఆ వేళలో బయల్దేరితే కార్డు వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మధ్యాహ్నం వచ్చేవాళ్లకు ఈ చిక్కు లేదు. అడ్వాన్స్ టికెట్ చవకే గాని అందులో రాసిన రైలుకే చెల్లుతుంది. వెళ్లడానికి అది తీసుకుని, తిరుగు ప్రయాణానికి ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ పెట్టుకోండి. కారులో వస్తే ఊళ్లోకి తేవద్దు. ఊరి చుట్టూ ఉన్న పార్క్ అండ్ రైడ్ స్థలాల్లో కారు నిలపడానికి డబ్బు తీసుకోరు, బస్సు టికెట్టే కొనాలి. దిగగానే ఆఖరి బస్సు వేళ ఫొటో తీసి ఉంచుకోండి.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పాత కోట గోడ కనిపిస్తుంది. వెలుగున్నప్పుడే దాని మీదికెక్కి లెండల్ బ్రిడ్జి వైపు నడవండి. పది నిమిషాల దారి. నది అవతల ఊరి పెద్ద చర్చి, యార్క్ మిన్‌స్టర్ గోపురాలు నిండుగా కనిపించేది ఇక్కడి నుంచే. గోడ చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు గాని చీకటి పడే వేళకు ద్వారాలకు తాళం వేస్తారు, మంచు గడ్డకట్టిన రోజు అసలు తెరవరు. అందుకే దీన్ని ముందు పెట్టడం. వంతెన దాటి మ్యూజియం స్ట్రీట్ మీదుగా మిన్‌స్టర్ దగ్గరికి చేరండి. ఏదైనా వేడిగా తాగి ఒళ్లు వెచ్చబెట్టుకోండి.

ఇక దీపాలు. సూర్యాస్తమయం తర్వాత, ఇంచుమించు 4:00 నుంచి 4:30 దాకా, ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. తర్వాత నల్లబడిపోతుంది. ఆ అరగంటను కొట్ల మధ్య పోగొట్టుకోకండి. 3:40కి స్టోన్‌గేట్‌లో ఉండండి. వీధికి అడ్డంగా, తలల మీదుగా పాత సత్రం పేరు మోసే దూలం ఒకటి ఉంటుంది. దానికి ముందూ వెనకా కట్టిన దీపాల తోరణాలు నీలాకాశం మీద తేలినట్టు కనిపిస్తాయి. అక్కడి నుంచి పక్కనున్న లో పీటర్‌గేట్‌లోకి వెళ్లి, కింగ్స్ స్క్వేర్ దిక్కు నుంచి వెనక్కి తిరిగి చూడండి. ఇరుకు వీధి చివర మిన్‌స్టర్ గోపురాలు లేస్తాయి. యార్క్ దీపాలు పెద్ద నగరాల్లోలా ఆర్భాటంగా ఉండవు. ఇరుకు సందులు, వంగిన పాత ఇళ్లు, పైన ఆ రాతి గోపురాలు కలిసి వాటికి అందం తెస్తాయి.

ఫోన్‌తో తీసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటే: వీధి అంతా కనబడాలని వెలుతురు పెంచుతారు, బల్బులన్నీ తెల్లటి మచ్చలైపోతాయి. తెర మీద వెలిగే బల్బును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. బల్బుకు పసుపు రంగు తిరిగి వచ్చేదాకా లాగి అక్కడ ఆపండి. మోచేయి గోడకు ఆనించి ఊపిరి బిగబట్టి తీస్తే చెయ్యి వణకదు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఉంచండి.

నాలుగున్నర నుంచి సంత. కొనడానికి ముందు ఒక చుట్టు చూసి రావడం మంచిది. వస్తువు ఎక్కడ తయారైంది, ఎవరు చేశారు అని అడగండి. తామే చేసినవాళ్లు ఆగి మరీ చెబుతారు. హైదరాబాదుకు పట్టుకెళ్లే ఆలోచన ఉంటే, నీళ్లు నింపిన మంచు గోళాలు చేతి సంచిలో వద్దు. విమానం మారే చోట తనిఖీలో తీసేయవచ్చు. గాజు బంతులను ఊలు సాక్సుల్లో దూర్చి పెట్టెలో సర్దండి.

తిండి దగ్గర మనవాళ్లు కాస్త ఆగి అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో చిప్స్‌ను చాలాచోట్ల గొడ్డు కొవ్వులో, అంటే బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయిస్తారు. పైకి ఉత్త బంగాళాదుంప ముక్కలే కాబట్టి శాకాహారులకు అనుమానం రాదు. యార్క్‌షైర్ పుడ్డింగ్ పాలు, గుడ్డు, మైదా కలిపి కాల్చేది. దాన్ని కూడా ఆ కొవ్వుతో కాల్చే అలవాటుంది, ఇక్కడ రొట్టెలా చుట్టి లోపల మాంసం పెట్టి ఇస్తారు. మిన్స్ పై పేరులో మిన్స్ ఉన్నా లోపల ఉండేది ఎండుద్రాక్ష, మసాలా. అయినా అందులో సూయెట్ అనే కొవ్వు పడుతుంది. అది గొడ్డుదా, నూనెతో చేసిందా అని అడిగితే చెబుతారు. జర్మన్ సాసేజ్ మామూలుగా పంది మాంసమే. మల్డ్ వైన్ లవంగం, దాల్చినచెక్క వేసి కాచిన ద్రాక్ష సారా. మద్యం వద్దనుకుంటే అవే మసాలాలతో వేడి ఆపిల్ రసం దొరుకుతుందేమో అడగండి. పింగాణీ కప్పులో ఇచ్చే చోట కప్పుకు డిపాజిట్ పట్టుకుంటారు. ఆ కొట్టుకే తిరిగిచ్చి డబ్బు తీసుకోండి. కూర్చుని తినాలంటే పార్లమెంట్ స్ట్రీట్ వెనకున్న షాంబుల్స్ మార్కెట్‌లోకి వెళ్లండి. అక్కడ రకరకాల దేశాల తిండి కొట్లు, బల్లలు ఉంటాయి.

నడిచేటప్పుడు తెలియని చలి, వరసలో నిలబడితే పాదాల నుంచి ఎక్కుతుంది. లావు కోటు ఒక్కటే సరిపోదు. ఊలు సాక్సులు, మందపాటి అడుగున్న బూట్లు ముఖ్యం. రాళ్లు పరిచిన వీధులు తడిస్తే జారతాయి. ఇరుకు సందుల్లో గొడుగు పక్కవాళ్ల కళ్లలో గుచ్చుకుంటుంది, టోపీ ఉన్న వానకోటు తెచ్చుకోండి. వానలు గట్టిగా పడిన వారంలో ఊజ్ నది ఒడ్డు దారి మునుగుతుంది, అటు వెళ్లకండి.

కాసేపు వెచ్చగా కూర్చోవాలంటే మిన్‌స్టర్‌లో సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థన ఉన్న రోజు చూసుకోండి. లోపలికి మామూలుగా టికెట్ ఉంటుంది, ప్రార్థనకు వచ్చేవాళ్లకు ఉండదు. ఏ మతం వాళ్లనైనా రానిస్తారు. ఫోన్ ఆపేసి, గాయక బృందం పాడినంతసేపూ కదలకుండా కూర్చోవాలి.

షాంబుల్స్ వీధిని కావాలనే చివరికి ఉంచాను. ఒకప్పటి కటిక దుకాణాల వీధి ఇది. మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు, కిటికీల కింద వెడల్పు చెక్క పలకలు ఇంకా ఉన్నాయి. పై అంతస్తులు ముందుకు పొడుచుకొచ్చి ఎదురింటి మీదికి వాలినట్టుంటాయి. పగలు అక్కడ భుజాలు తగలకుండా నడవలేరు. ఆరున్నర తర్వాత దుకాణాలు మూసేస్తే జనం పలచబడతారు, దీపాలు మిగులుతాయి. కింగ్స్ స్క్వేర్ వైపు నుంచి మెల్లగా దిగి పేవ్‌మెంట్ వీధిలో తేలండి. అక్కడి నుంచి స్టేషన్‌కు ఇరవై నిమిషాల నడక, సంచులుంటే ఇంకో అయిదు కలుపుకోండి.