చెన్నై ఉద్యోగులు రిటర్ను వేసే ముందు

జీతం చేతికి రాకముందే పన్ను కోత పడుతుంది. ఆ కోతకు లెక్క అప్పజెప్పే పని కూడా మనదే! వేళచేరిలోనో పెరంబూరులోనో అద్దెకుండే మనవాళ్లు ముందుగా ఇవి చూసుకోండి.

– ఫారం 16ను (జీతం, పన్ను కోతలపై కంపెనీ ఇచ్చే పత్రం), 26ఏఎస్‌ను (మీ పేరున జమైన పన్నుకు ఆదాయపు పన్ను శాఖ చూపే లెక్క) పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూడండి. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే రెండు ఫారం 16లూ కావాలి. ప్రామాణిక తగ్గింపును (పన్ను లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే స్థిర మొత్తం) రెండు కంపెనీలూ ఇచ్చేసి ఉంటే చివర్లో పన్ను బాకీ తేలుతుంది. నాకు తేలింది.

– అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. చెన్నైవాసులకు దాని పరిమితి మూలవేతనం, కరువు భత్యం కలిపినదానిలో 50 శాతం. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. ఆ మాట ఇంట్లో దిగేటప్పుడే తేల్చుకోండి. జూలైలో అడిగితే ఆయన ముఖం మారిపోతుంది. అద్దె బ్యాంకు ద్వారానే కట్టండి. నగదుకు సాక్ష్యం ఎక్కడ తెస్తారు?

– రిటర్ను గడువు దాటితే జీతగాళ్లకు పాత విధానం ఎంచుకునే వీలుండదు. పైగా ఆలస్య రుసుము 5,000 రూపాయలు. ఆదాయం 5 లక్షలు మించకపోతే 1,000.

– పొదుపు ఖాతా వడ్డీ చిన్నదే అయినా చూపించండి.

– రిటర్ను పంపిన 30 రోజుల్లోగా ఈ-ధ్రువీకరణ (అది మీరే వేశారని ఆన్‌లైన్‌లో ఖాయం చేయడం) చేయండి.