ఫైబ్రోస్కాన్ రిపోర్ట్‌లో ముందు ఏ నంబర్ చూడాలంటే

మామూలు అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని రాగానే కొందరికి నిద్ర పట్టదు, కొందరేమో అందరికీ ఉండేదేలే అని కాగితం బీరువాలో పడేస్తారు. నిజానికి ఆ గ్రేడ్ అనేది లివర్ పక్కనున్న కిడ్నీ కంటే ఎంత తెల్లగా కనిపిస్తోందో చూసి కంటి అంచనాతో వేసేది, ఒకరు 1 అన్నది ఇంకొకరు 2 అనొచ్చు, కొవ్వు కొంచెమే ఉంటే దొరక్కపోనూ వచ్చు. అందుకే లివర్‌లో కొవ్వునీ గట్టిదనాన్నీ కొలిచి నంబర్ చెప్పే ఈ ఫైబ్రోస్కాన్.

వెళ్లేముందు కనీసం 3 గంటలు ఏమీ తినొద్దు. తింటే లివర్‌కి రక్తం ఎక్కువ వెళ్లి గట్టిదనం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మా బావ దారిలో రెండు ఇడ్లీలేగా అని తినేసి వెళ్లాడు, మర్నాడు రమ్మని పంపేశారు.

వెల్లకిలా పడుకోబెట్టి కుడి చెయ్యి తల వెనక్కి పెట్టమంటారు, పక్కటెముకల మధ్య చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు, వేలితో టక్‌మని కొట్టినట్టు ఉంటుంది అంతే, నొప్పేం ఉండదు. అలా కనీసం 10 సరైన రీడింగులు రావాలి. ఒళ్లు ఎక్కువున్నవాళ్లకి ఎక్స్ఎల్ ప్రోబ్ వాడాలి, వాడారో లేదో అడగండి, తప్పేం లేదు.

రిపోర్ట్‌లో రెండు నంబర్లు వేర్వేరు. సీఏపీ అంటే కొవ్వు, 100 నుంచి 400 దాకా ఉంటుంది, 275 దాటితే కొవ్వు ఉన్నట్టే అనుకోవచ్చు. అందరూ దీన్నే చూసి భయపడతారు, నేనైతే ముందు కిలోపాస్కల్స్ చూడమంటా, గట్టిదనం అదే, మచ్చలు పడ్డాయా అన్నది దాన్నిబట్టే. 8 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ (అంటే లివర్‌లో మచ్చలు) ఉండే అవకాశం తక్కువ, 12 దాటితే ఆలస్యం చెయ్యకుండా లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మధ్యలో ఉంటే మిగతా టెస్టులతో కలిపి డాక్టరే తేలుస్తారు. దాని పక్కనే ఐక్యూఆర్ అని శాతం ఉంటుంది, రీడింగులు ఒకదానికొకటి ఎంత తేడాగా వచ్చాయో చెప్పేది, అది 30 దాటితే ఆ గట్టిదనం నంబర్‌ని పెద్దగా నమ్మొద్దు, మళ్లీ తీయించాలి. కామెర్లున్నా, ఏఎల్‌టీ (రక్తపరీక్షలో చూసే లివర్ ఎంజైమ్) బాగా పెరిగున్నా కూడా గట్టిదనం ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది.

మళ్లీ చేయించేటప్పుడు అదే రకం మెషీన్, అదే ప్రోబ్ అయితే మంచిది. కొన్ని కొత్త అల్ట్రాసౌండ్ మెషీన్లు కొవ్వుని 0.65, 0.7 అని ఇంకో కొలతలో చెప్తాయి, దాన్ని పాత సీఏపీ 290 పక్కన పెట్టుకుని తగ్గిపోయిందోచ్ అని సంబరపడకండి.