ఉపగ్రహం దాటాల్సిన పల్లపు గట్టు: విద్యార్థి బృందాలకు ముందు జాగ్రత్తలు

జూన్ దాటిందంటే మా లంక గ్రామాల్లో అందరి కళ్లూ ఏటిగట్టు మీదే ఉంటాయి. గట్టు అంతటా ఒకే ఎత్తులో ఉండదు. ఎక్కడో ఒకచోట పల్లంగా ఉంటుంది, వరద ముందు అక్కడే పొర్లుతుంది. ఆ చోటు ఏదో ఊళ్లో పెద్దలకు తెలుసు కాబట్టి ఇసుక బస్తాలు మొదట అక్కడికే చేరతాయి.

భూమి అయస్కాంత క్షేత్రానికి కూడా అలాంటి పల్లపు చోటు ఒకటి ఉంది. మన డెల్టాలోని ఇంజనీరింగ్ విద్యార్థులు చిన్న ఉపగ్రహాల బోర్డులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. బ్యాటరీ గురించి అడుగుతారు, యాంటెన్నా తెరుచుకోవడం గురించి అడుగుతారు. ఈ చోటు గురించి అడిగినవారు తక్కువ. ఉపగ్రహం ఒకసారి పైకి వెళ్లాక బస్తా వేయడానికి ఎవరూ ఉండరు. వేయాల్సినవన్నీ ఇక్కడ, బల్ల మీద ఉండగానే వేయాలి.

ముందు ఆ చోటు సంగతి. భూమి అయస్కాంతపు నడిమధ్య బిందువు భూకేంద్రంలో లేదు. 500 కిలోమీటర్లకు పైగా పశ్చిమ పసిఫిక్ వైపు జరిగి ఉంది. అందుకే దానికి ఎదురువైపున, బ్రెజిల్ నుంచి దక్షిణ అట్లాంటిక్ సముద్రం మీదుగా ఆఫ్రికా వైపు, క్షేత్రం బలహీనపడింది. ఇక్కడ గోదావరి ఒడ్డున దాని బలం 40 వేల నానోటెస్లాలకు (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే యూనిట్) పైనే. అక్కడ కనిష్ఠ స్థానంలో 22 వేల దగ్గర ఉంది. 1958లో ఎక్స్‌ప్లోరర్-1 పంపిన కొలతల ఆధారంగా జేమ్స్ వాన్ అలెన్ గుర్తించిన వికిరణ వలయాల్లో (భూమి చుట్టూ అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచిన కణాల పట్టీలు) లోపలి వలయం ఆ ప్రాంతంలో 200 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగి వస్తుంది. అందులో నిండి ఉన్నవి అధిక శక్తి ప్రోటాన్లు. మీ ఉపగ్రహం తిరగబోయేది 500 కిలోమీటర్ల ఎత్తులో. అంటే చిప్పులను దెబ్బతీసే ఆ కణాల ముంపులోనే నడవాలి. దీన్నే సౌత్ అట్లాంటిక్ అనామలీ అంటారు. కొందరు దీన్ని రంధ్రం అంటున్నారు, అది సరికాదు. గట్టు తెగలేదు, పల్లంగా ఉంది, అంతే. కింద నేల మీద ఉన్నవారికి వాతావరణమే రక్షణ.

ఈ పల్లం ఉన్నచోటే ఉండదు. ఏటా సుమారు 20 కిలోమీటర్ల చొప్పున పడమరకు జరుగుతోంది. 1970లో అక్కడి కనిష్ఠ బలం 24 వేల నానోటెస్లాల దగ్గర ఉండేది, 2020 నాటికి 22 వేలకు పడిపోయింది. ఆఫ్రికా నైరుతి దిక్కున రెండో పల్లం కూడా విడిగా కనబడుతోందని ఐరోపా అంతరిక్ష సంస్థ వారి స్వార్మ్ ఉపగ్రహాలు కొలిచి చెప్పాయి. కాబట్టి ఈ పల్లం హద్దులు చూపుతూ మీ సీనియర్లు వదిలి వెళ్లిన మ్యాపును అలాగే వాడకండి. అంతర్జాతీయ క్షేత్ర నమూనాను ఐదేళ్లకోసారి సవరిస్తారు. తాజాది 2024 చివర్లో వచ్చింది, అదే తీసుకోండి. హద్దు గీత కూడా కచ్చితంగా అంచు మీద గీయకుండా కొంత వెలుపలికి గీయండి.

కక్ష్యను ఎంచుకునే అవకాశం ఉంటే సగం బాధ తీరేది. 2015లో ఇస్రో పంపిన ఖగోళ పరిశీలన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను భూమధ్యరేఖకు కేవలం 6 డిగ్రీల వాలులో ఉంచడానికి ఒక కారణం ఈ అనామలీయే. అలా ఉంచినా అనామలీ ఉత్తరపు అంచు తగులుతుంది కాబట్టి, కణాల తాకిడి పెరగగానే పసిగట్టే పరికరాన్ని కూడా అందులో అమర్చారు. మీకా వెసులుబాటు లేదు. పెద్ద ఉపగ్రహంతో పాటు ధ్రువ కక్ష్యకు వెళ్లే విద్యార్థి ఉపగ్రహం రోజుకు పలుమార్లు ఈ పల్లంలో దిగి లేస్తుంది.

మందపాటి రేకు వేస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. ఎలక్ట్రాన్ల వరకు ఆ మాట కొంత నిజమే. కానీ 100 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌ను ఆపాలంటే మూడున్నర సెంటీమీటర్లకు మించిన అల్యూమినియం కావాలి. పది సెంటీమీటర్ల పెట్టెకు అంత గోడ కడితే లోపల ఇంకేం పెడతారు? రేకు రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. మిగిలిన శ్రమంతా సర్క్యూట్ మీద పెట్టండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది లాచప్. ఒక్క కణం తగలగానే చిప్పు లోపల కరెంటుకు అడ్డదారి తెరుచుకుంటుంది. వెంటనే సరఫరా ఆపితే చిప్పు బతుకుతుంది, ఆలస్యమైతే కాలిపోతుంది. ఆ మధ్య ఒక బృందం తెచ్చిన బోర్డును బల్ల మీద పెట్టి చూశాం. ప్రాసెసర్ మామూలుగా 90 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, వాళ్లు కట్‌ఆఫ్‌ను (కరెంటు మితిమీరితే సరఫరా ఆపే ఏర్పాటును) 1 ఆంపియర్ దగ్గర పెట్టారు. ఆ లైనుకు ఒక చిన్న రెసిస్టరు తగిలించి అదనంగా 300 మిల్లీఆంపియర్లు లాగించాం. కట్‌ఆఫ్ కదల్లేదు. కాసేపటికి రెసిస్టరు మీద వేలు ఆనించలేకపోయాం. పైన ఆ స్థానంలో ఉండేది చిప్పు. పరిమితిని 200కు దించితే ఈసారి చటుక్కున తెగింది కానీ, మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ తొలి క్షణపు కరెంటు తాకిడికే తెగిపోయింది. ఆన్ అయిన మొదటి కొన్ని మిల్లీసెకన్లు పట్టించుకోవద్దని చెప్పాక కుదురుకుంది. ఇంకొక మెలిక కూడా ఉంది. సరఫరా తెగినా పక్క చిప్పు నుంచి డేటా తీగల గుండా కరెంటు దొంగచాటుగా వచ్చి లాచప్‌ను సజీవంగా ఉంచుతుంది. కాబట్టి ఆ తీగలనూ అదే సమయంలో సున్నాకు దించాలి. దీన్ని కాగితం మీద కాదు, మీటరు పెట్టి మీ చేతులతో చూసుకోండి.

మెమరీలో సున్నా ఒకటిగా, ఒకటి సున్నాగా మారిపోవడం అంతకంటే తరచుగా జరుగుతుంది. వరద రోజుల్లో లస్కర్లు రాత్రంతా గట్టు మీద తిరుగుతూ బుంగల కోసం వెతుకుతారు. చిన్న బుంగను పూడ్చడానికి ఒక మనిషి చాలు, అది పెద్దదైతే ఊరంతా కదిలినా ఆగదు. మెమరీకీ అలాంటి కాపలా కావాలి. దిద్దుబాటు కోడ్ సాధారణంగా మెమరీలోని ఒక పదంలో (కొన్ని బిట్ల గుంపులో) ఒక తప్పునే సరిచేయగలదు, రెండోది చేరితే తప్పు ఉందని చెప్పగలదు, అంతే. అందుకే మెమరీ మొత్తాన్ని ఆగకుండా చదువుతూ, కనబడిన తప్పును వెంటనే దిద్ది తిరిగి రాసే ప్రోగ్రామ్ ఉండాలి. పల్లంలో ఉన్నప్పుడు ఆ తిరుగుడు వేగం పెంచండి. ముఖ్యమైన ప్రోగ్రామ్‌ను మూడు చోట్ల ఉంచి, రెండు కాపీలు ఏకీభవించినదాన్నే నడపండి. ప్రాసెసర్ మొరాయిస్తే మళ్లీ లేపే వాచ్‌డాగ్ సరేసరి.

ఆ పల్లం దాటే కొద్ది నిమిషాల్లో చేయకూడని పనులు ఉన్నాయి. ఫ్లాష్ మెమరీలో రాయవద్దు, కొత్త ప్రోగ్రామ్ ఎక్కించవద్దు, అధిక వోల్టేజీతో నడిచే డిటెక్టర్ల వోల్టేజీని దించి ఉంచండి. కెమెరాతో తీస్తే బొమ్మ నిండా తెల్ల చుక్కలే వస్తాయి. హబుల్ దూరదర్శిని సైతం అక్కడ పరిశీలనలు ఆపుకుంటుంది. ఈ నిర్ణయాలన్నీ ఉపగ్రహం తనంతట తానే తీసుకోవాలి. మన ఆకాశంలో కనిపించి ఆదేశం అందుకునే వేళ అది అనామలీకి దాదాపు సగం భూగోళం దూరంలో ఉంటుంది. అక్కడ ఏదైనా జరిగిందని మీకు తెలిసేసరికి గంటలు గడిచిపోతాయి.

ప్రయోగ కాలాన్ని కూడా లెక్కలో వేసుకోండి. సూర్యుడు ఉధృతంగా ఉన్నప్పుడు పై వాతావరణం ఉబ్బి, తక్కువ ఎత్తులోని ప్రోటాన్లను మింగేస్తుంది. సూర్యుడు నెమ్మదించే ఏళ్లలో అవి పెరుగుతాయి. కాబట్టి సౌర తుఫాన్లు తగ్గాయని ఈ జాగ్రత్తలు సడలించకండి.

చివరగా, ప్రతి మెమరీ తప్పుకు సమయం, అక్షాంశం, రేఖాంశం, మెమరీ చిరునామా నమోదు చేయించండి. 1990లో వెళ్లిన బ్రిటన్ విశ్వవిద్యాలయ ఉపగ్రహం యూఓశాట్-3 ఇలా పంపిన తప్పులను మ్యాపు మీద చుక్కలుగా పెడితే దక్షిణ అట్లాంటిక్ మీద ముద్దగా పోగుపడ్డాయి. మీ మొదటి వారం డేటా దిగగానే చుక్కలు పెట్టి, మీరు గీసిన హద్దుతో పోల్చి, గీత వెలుపల చుక్కలు గుమిగూడితే ఆ వారమే గీతను జరపండి.