నలుపు-తెలుపు ప్రింట్లలో రంగు ఛాయ ఎలా వదిలిందంటే

తెర మీద నికార్సయిన బూడిద రంగులో కనిపించే ఫొటో కాగితం మీదికి వచ్చేసరికి ఏదో ఒక రంగు పులుముకునేది. కిటికీ దగ్గర చూస్తే ఆకుపచ్చ ఛాయ, పసుపు బల్బు కింద అదే ప్రింటుకు గులాబీ ఛాయ. దీపం మారితే రంగు మారుతోందంటే లోపం ఫొటోలో లేదు, ఇంకులో ఉంది.

మామూలు పద్ధతిలో ప్రింటర్ బూడిద రంగును చాలావరకు సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), ఎల్లో ఇంకు చుక్కలు కలిపి తయారు చేస్తుంది. ఆ పాళ్లు రవ్వంత అటూ ఇటూ అయినా కన్ను ఇట్టే పట్టేస్తుంది. నా ప్రింటర్‌లో నలుపుతో పాటు రెండు లేత నలుపు ఇంకులున్నాయి. వాటిని ఖాళీగా కూర్చోబెట్టి రంగుల చేత చాకిరీ చేయించడం దేనికి? డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, నలుపు-తెలుపు ఫొటో మోడ్ ఎంచుకున్నాను. అందులో భారమంతా నల్ల ఇంకులదే. రంగులు ఛాయ దిద్దడానికి చిటికెడు పడతాయంతే. ఫొటో సాఫ్ట్‌వేర్‌లో రంగుల నిర్వహణను ప్రింటర్‌కే వదిలేశాను. ఇద్దరూ దిద్దబోతే మళ్లీ మొదటికొస్తుంది.

తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ ఒకటి ప్రింట్ చేసి, ఒక రోజు ఆరనిచ్చి, పగటి వెలుగును పోలిన 5000 కెల్విన్ తెల్ల దీపం కింద చూశాను. నడిమి మెట్లు శుభ్రంగా ఉన్నాయి. లేత మెట్లలో మాత్రం కాస్త నీలం మిగిలింది. అది ఇంకు పని కాదు. మరీ తెల్లగా కనిపించే కాగితాల్లో కలిపే రసాయనాలు అతినీలలోహిత కాంతి తగిలితే నీలంగా మెరుస్తాయి. అవి కలపని కాటన్ కాగితానికి మారి, డ్రైవర్‌లో కాగితం రకాన్నీ, మెరుపు లేని కాగితాలకు వాడే మ్యాట్ బ్లాక్ ఇంకునూ దానికి తగ్గట్టు మార్చాక ఆ నీలం కూడా పోయింది.