ధనియాలు దంచి, మూత పెట్టండి

లావెండర్ నూనె వాసన చూస్తే టెన్షన్ తగ్గుతుందంటారు కదా, ఆ వాసనలో ముఖ్యమైన వాటిలో ఒకటి లినలూల్ అనే పదార్థం. దానికోసం ఖరీదైన సీసా కొనక్కర్లేదు, మన ధనియాల్లోనే ఉంది. ధనియాల నూనెలో సుమారు మూడింట రెండు వంతులు అదే. కొత్తిమీర ఆకు వాసన మాత్రం వేరు, అది ఆల్డిహైడ్లు అనే వేరే రసాయనాల పని.

ఒక చెంచా ధనియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. గింజ పగలగానే నారింజ తొక్క గిల్లినట్టు వాసన గుప్పుమంటుంది. వెంటనే గ్లాసులో వేసి, కాగిన నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఆగండి. నేను మొదట్లో మూత లేకుండా పావుగంట మరిగించేదాన్ని. వంటిల్లంతా ఘుమఘుమ, గ్లాసులో ఉత్త గోధుమరంగు నీళ్లు! లినలూల్ ఆవిరితో పాటు ఎగిరిపోయే రకం.

2018లో జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయం వాళ్లు చిట్టెలుకల మీద చూస్తే, లినలూల్ వాసన పీల్చినవాటికి బెదురు తగ్గింది. వాసన పసిగట్టలేని వాటికి తగ్గలేదు. అందుకే తాగేముందు మూత తీసి నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. నిద్రమాత్రలా పనిచేస్తుందని మాత్రం ఆశపడకండి.

లావెండర్ నూనె వాడేవాళ్లు సీసా మూత గట్టిగా బిగించాలి. గాలి తగిలి పాతబడిన లినలూల్ కొందరి చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. ఏళ్ల తరబడి మూలన పడున్న సీసాను ఒంటికి రాయకుండా పారేయండి.