చాట్ సహాయకానికి సందేశాలను అమర్చి పంపే విధానం

పలాసలో జీడిపప్పు అమ్మే వ్యాపారి తన వెబ్‌సైటులో ఏఐ చాట్ సహాయకాన్ని పెట్టుకున్నారనుకుందాం. కొనేవారు ముందు "320 రకం ఉందా?" అని అడిగి, తరువాత "అదే పది కిలోలు పంపండి" అంటారు. మామూలు చాట్ ఏపీఐలలో (మీ ప్రోగ్రాము ఏఐ మోడల్‌కు సందేశాలు పంపి జవాబులు పొందే మార్గాలలో) మోడల్ గత సందేశాలను గుర్తుంచుకోదు కాబట్టి, ఆ "అదే" ఏమిటో దానికి తెలియాలంటే మొదటి ప్రశ్ననూ దాని జవాబునూ ప్రతిసారీ కలిపి పంపాలి. ఈ చరిత్రను మీ సర్వరులోనే భద్రపరచండి. బ్రౌజరు పంపిన చరిత్రను నమ్మితే, సహాయకం అనని మాటను అన్నట్టుగా ఎవరైనా చేర్చగలరు.

ప్రతి సందేశానికీ ఒక పాత్ర ఉంటుంది: అడిగేవారిది యూజర్, మోడల్‌ది అసిస్టెంట్. నియమాలు చెప్పే సిస్టమ్ సూచనను ఓపెన్‌ఏఐ చాట్ కంప్లీషన్స్‌లో జాబితా మొదట పెడతారు, ఆంత్రోపిక్ మెసేజెస్‌లో జాబితా బయట విడిగా ఇస్తారు. 320 అంటే ధర కాదనీ, పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగే రకమనీ ఇక్కడే చెప్పాలి. రోజూ మారే ధరలను మాత్రం ఇందులో రాయకుండా టూల్ ద్వారా, అంటే మోడల్ అడిగినప్పుడు మీ ప్రోగ్రాము నడిపే ఫంక్షను ద్వారా, తెప్పించడం మేలు. కొనేవారు రాసిన పాఠాన్ని సిస్టమ్ సూచనలో ఎన్నడూ కలపకూడదు.

తెలుగు అక్షరసంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 అనే అక్షరాల నిల్వ పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే ముక్కలు) కూడా సాధారణంగా ఇంగ్లీషు కంటే ఎక్కువే అవుతాయి. అందువల్ల సంభాషణ మోడల్ ఒకసారికి చదవగల పరిమితిని త్వరగా చేరుతుంది. అప్పుడు పాత సందేశాలను తొలగించవచ్చు, లేదా సారాంశంగా కుదించవచ్చు. ఆర్డరుకు సంబంధించిన రకం, తూకం, చిరునామా వంటివి పోతాయి కనుక గుడ్డిగా తొలగించడం కంటే కుదించడమే నాకు సబబుగా తోస్తుంది. టూల్ పిలుపునూ అదే గుర్తింపు సంఖ్యతో వచ్చిన ఫలితాన్నీ విడదీస్తే ఏపీఐ అభ్యర్థనను తిరస్కరిస్తుంది కాబట్టి, ఉంచితే రెండింటినీ ఉంచాలి, తీస్తే రెండింటినీ తీయాలి.

జవాబును స్ట్రీమింగ్‌లో (వస్తున్న కొద్దీ ముక్కలుగా) చూపేటప్పుడు ఒక అక్షరపు బైట్లు రెండు ముక్కల్లో రావచ్చు. ముక్కను విడిగా డీకోడ్ చేస్తే (బైట్లను అక్షరాలుగా మారిస్తే) తెరపై చెత్త గుర్తులు కనిపిస్తాయి. మిగిలిన బైట్లను తదుపరి ముక్క కోసం దాచే డీకోడరును వాడండి. జవాబు ఆగిన కారణాన్నీ పరిశీలించాలి: టోకెన్ల హద్దు వల్ల ఆగితే అది అసంపూర్ణం.

429 లోపం (అభ్యర్థనలు హద్దు మించాయన్న సందేశం) వస్తే విరామాన్ని రెట్టింపు చేసుకుంటూ మళ్లీ ప్రయత్నించాలి, అయితే యూజర్ సందేశాన్ని చరిత్రలో రెండోసారి చేర్చకూడదు. ఆర్డరు నమోదు చేసే టూల్‌కు ప్రతి ఆర్డరుకూ ఒక ప్రత్యేక సంఖ్యను జతచేసి, అదే సంఖ్య మళ్లీ వస్తే కొత్తగా నమోదు చేయకుండా పాత ఫలితాన్నే తిరిగి ఇచ్చేటట్లు రాయండి.