క్లౌడ్ ఛాంబర్‌లో ఆల్ఫా గీతను చదవడం ఎలా

క్వాంటమ్ పాఠం చెప్పేటప్పుడు నేను ముందు క్లౌడ్ ఛాంబర్‌లో, అంటే కణాల దారులను ఆవిరిలో తెల్లని గీతలుగా చూపే పెట్టెలో, గీత చూపిస్తాను, సమీకరణం తర్వాత. మీరూ అలాగే మొదలుపెట్టండి.

చేపలు పెంచే చిన్న గాజు తొట్టి అడుగున, లోపలివైపు ఫెల్టు గుడ్డ పట్టించండి. జిగురు ఆల్కహాల్‌కు ఊడిపోతుంది, గాజుకు అటూ ఇటూ అయస్కాంతాలు పెడితే నిలుస్తుంది. ఫెల్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా తడపండి. బెలూన్ ఊది, ఉన్నిబట్టతో రుద్ది, మూసిన గదిలో అరగంట వేలాడదీస్తే గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి పుట్టిన పరమాణువులు దానికి అంటుకుంటాయి. గాలి తీసేసి ఆ రబ్బరును నల్లరంగు వేసిన లోహపు పళ్లెంలో పెట్టి, తొట్టిని దానిమీద బోర్లించి, అంచులకు టేపు వేయండి. పళ్లెం కింద డ్రై ఐస్ పరవాలి. అది మైనస్ 78 డిగ్రీల చలి: మందపాటి గ్లవ్స్ తప్పనిసరి, కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట వద్దు. దీపాలార్పి టార్చి పక్కనుంచి వేయండి. పావుగంటలో పొట్టిగా, లావుగా, తిన్నగా తెల్లని గీతలు మెరుస్తాయి. అవే ఆల్ఫాల దారులు: రేడియోధార్మిక పరమాణు కేంద్రకం నుంచి దూసుకొచ్చే కణాలే ఆల్ఫాలు. దారిలో అవి గాలి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి (అయనీకరణం), అక్కడ ఆల్కహాల్ ఆవిరి బిందువులుగా పేరుకుని గీతవుతుంది.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న. ఆల్ఫా కేంద్రకం నుంచి అన్ని దిక్కులకూ వ్యాపించే తరంగంగా బయటికొస్తుందని 1928లో గామోవ్, విడిగా గర్నీ, కాండన్ చూపించారు. మరి చుట్టూ పొగమంచు కమ్మకుండా ఒక్క గీతే ఎందుకు పడింది?

కాగితం తీసుకోండి. ఒక చుక్క కేంద్రకం, మరో రెండు చుక్కలు గాలిలోని పరమాణువులు. 1929లో నెవిల్ మాట్ చేసిన పని ఇదే: ఆల్ఫాకు మాత్రమే కాకుండా, ఆల్ఫాకూ ఆ రెండు పరమాణువులకూ కలిపి ఒకే తరంగ ప్రమేయం (తరంగాన్ని వర్ణించే గణిత సూత్రం) రాశాడు. ఆల్ఫా తరంగదైర్ఘ్యం పరమాణువు కంటే పదివేల రెట్లకు పైగా చిన్నది. అందుకే మొదటి పరమాణువును అయనీకరించిన తరంగ భాగం సన్నని శంకువులా ముందుకే సాగుతుంది. రెండో పరమాణువు ఆ శంకువులో పడితేనే అదీ అయనీకరణం చెందుతుంది. కేంద్రకం, రెండు పరమాణువులు ఇంచుమించు ఒకే వరసలో లేకపోతే ఆ రెండూ కలిసి అయనీకరణం చెందే అవకాశం దాదాపు సున్నా.

ఇక్కడ తరగతిని ఆపేస్తాను. మాట్ లెక్క గీత తిన్నగా ఎందుకుందో చెప్పింది. ఈ దిక్కునే ఎందుకు పడిందో చెప్పలేదు. ఆ తరంగ ప్రమేయంలో అన్ని దిక్కుల గీతలూ కలిసే ఉన్నాయి.

సిద్ధాంతాలు విడిపోయేది ఇక్కడే. పాఠ్యపుస్తకం ప్రకారం కొలత జరగగానే తరంగం కుప్పకూలి ఒక్క గీత మిగులుతుంది. బోమ్ (1952) ప్రకారం కణానికి ఎప్పుడూ ఒక స్థానం ఉంది, బయల్దేరినచోటే దిక్కును నిర్ణయిస్తుంది. ఎవరెట్ (1957) ప్రకారం అన్ని గీతలూ నిజమే, లోకం శాఖలుగా చీలుతుంది, మీరున్న శాఖలో ఇది కనబడింది. గిరార్డీ, రిమీని, వెబర్ (1986) తరంగం తనంతట తానే అరుదుగా కూలుతుందన్నారు. గీతలోని ఆల్కహాల్ బిందువుల్లో అపారమైన కణాలుంటాయి కనుక అక్కడ ఆ అరుదైన సంగతి ఇట్టే జరిగిపోతుంది. డీకోహెరెన్స్‌తోనే (పరిసరాలతో చిక్కుకుని తరంగ భాగాలు విడివిడి అయిపోవడంతోనే) అంతా తేలిపోయిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గీతలు ఒకదానితో ఒకటి ఎందుకు వ్యతికరణం చెందవో అది చక్కగా చెబుతుంది, వాటిలో ఒకదాన్ని ఎంచదు.

తర్వాత సన్నగా మెలికలు తిరిగే గీతల కోసం చూడండి. అవి ఎలక్ట్రాన్లు, తేలిక కాబట్టి తాకినచోటల్లా మళ్లుతాయి. అదే కాగితం మీద ఈసారి శంకువును వెడల్పుగా గీసి, రెండో పరమాణువు ఎక్కడ పడొచ్చో గుర్తించండి.